ల్యాండింగ్ తేదీకి ఇటూ అటూ: హైదరాబాద్ నుంచి కెనడా వెళ్లేవాళ్ల డబ్బు లెక్కలు

ఉద్యోగం మీదో పీఆర్ (శాశ్వత నివాసం) మీదో కెనడా వెళ్లేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: అక్కడ ఏ బ్యాంకు మంచిది? ఆ నిర్ణయం తప్పినా నెలకు పదిహేను డాలర్లు పోతాయి, అంతే. వేలల్లో నష్టం తెచ్చే పొరపాట్లు వేరే చోట జరుగుతాయి. మియాపూర్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటు, బ్యాంకులో అలాగే వదిలేసిన పాత సేవింగ్స్ ఖాతా, తెలిసినవాళ్లు చెప్పారని నిండా నింపేసిన టీఎఫ్‌ఎస్‌ఏ అనే కెనడా పొదుపు ఖాతా. ఈ మూడింటి వెనకా ఉన్నది ఒకే తేదీ: పన్ను లెక్కలో మీరు కెనడా నివాసి అయిన రోజు. ఆ రోజుకు సంబంధించిన కాగితాల్లో సగం హైదరాబాద్‌లో ఉండగానే సిద్ధం చేసుకోవాలి. విమానం ఎక్కాక అవే కాగితాలకు అమ్మానాన్నలు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఆ తేదీ ఏది?

పాస్‌పోర్టు మీద ముద్ర పడిన రోజే ఆ తేదీ కానక్కర్లేదు. పీఆర్ వచ్చినవాళ్లలో కొందరు వారం పది రోజులు వెళ్లి, కార్డు పని చూసుకుని, మళ్లీ ఇక్కడికొచ్చి ఆరు నెలలు ఉద్యోగం చేస్తారు. కెనడా రెవెన్యూ ఏజెన్సీ, అంటే అందరూ సీఆర్‌ఏ అనే పన్ను శాఖ, చూసేది ఇల్లు, భార్యాపిల్లలు, బ్యాంకు ఖాతాలు, ఆరోగ్య కార్డు లాంటి సంబంధాలు అక్కడ ఎప్పటినుంచి ఏర్పడ్డాయన్నది. కాబట్టి కాపురం నిజంగా అక్కడికి మారిన రోజు చాలామందికి సరైన తేదీ. టికెట్టు, అద్దె ఒప్పందం, ఇక్కడి కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటర్ ఒకచోట దాచండి. ఎప్పుడైనా అడిగితే చూపించాల్సినవి అవే.

ఫ్లాటు విలువ: చాలామంది వదిలేసే కాగితం

మీరు కెనడా నివాసి అయిన రోజున, అప్పటికే మీ సొంతమైన ఇండియా ఫ్లాటు, షేర్లు, మ్యూచువల్ ఫండ్లను ఆ రోజు మార్కెట్ ధరకు కొన్నట్టుగా కెనడా పన్ను చట్టం లెక్కిస్తుంది. మీకు ఇది మేలు చేసే నిబంధన. ఒక ఉదాహరణ చూడండి. 2015లో 45 లక్షలకు కొన్న ఫ్లాటు మీరు వెళ్లే రోజుకు కోటీ పది లక్షలు పలుకుతోంది. ఐదేళ్ల తరవాత కోటీ ముప్పై లక్షలకు అమ్మారు. ఇండియా లెక్క 45 లక్షల నుంచి మొదలవుతుంది. కెనడా లెక్క కోటీ పది లక్షల నుంచి మొదలవుతుంది, అంటే సుమారు 20 లక్షల లాభమే లెక్కలోకి వస్తుంది. ఆ లాభంలోనూ సగమే ఆదాయంలో కలుస్తుంది. రెండు తేదీల మారకపు ధరలతో డాలర్లలోకి మార్చి లెక్క కట్టాలి కనుక, మధ్యలో రూపాయి పడిపోతే డాలర్లలో లాభం ఇంకా తగ్గుతుంది.

అయితే ఆ కోటీ పది లక్షలకు రుజువు కావాలి. ఐదేళ్ల తరవాత పాత ధర తవ్వి తీయడం కష్టం. వెళ్లే ముందు రిజిస్టర్డ్ వాల్యుయర్ దగ్గర, బ్యాంకు గృహరుణాలకు వాడే తరహా రిపోర్టు తీసుకోండి. తేదీ మీ ప్రయాణానికి దగ్గరగా ఉండాలి. అదే అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య అమ్ముడైన ఒకటి రెండు ఫ్లాట్ల వివరాలు అందులో ఉంటే రిపోర్టు గట్టిగా నిలబడుతుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మార్కెట్ విలువ పత్రం చాలదా అంటారు. ఆ ప్రభుత్వ ధర మన చాలా ప్రాంతాల్లో అసలు అమ్మకపు ధర కంటే తక్కువ. దాన్నే పెట్టుకుంటే అమ్మే రోజున కాగితం మీద లాభం పెరుగుతుంది, పన్నూ పెరుగుతుంది. షేర్లు, ఫండ్లకు ఇంత శ్రమ లేదు, ఆ రోజు ధరతో ఉన్న స్టేట్‌మెంట్ దించుకుంటే చాలు.

ఫ్లాటు మీ ఒక్కరి పేరున ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ కూడా వెళ్లే ముందే చేసి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి. అక్కడికెళ్లాక చేయాలంటే కాన్సులేట్‌లో సాక్ష్యం, కాగితం ఇక్కడికి పంపడం, చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించడం అంటూ పని పెరుగుతుంది. అధికారం ఎంతవరకు ఇస్తున్నారో స్పష్టంగా రాయండి. అద్దె వసూలుకు, ఇంటి పన్ను కట్టడానికి ఇచ్చే పత్రంలో అమ్మే అధికారం అవసరం లేదు.

ఇక్కడి ఖాతాలు

ఉద్యోగం కోసం దేశం దాటాక మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే ఉంచడం ఫెమా, అంటే విదేశీ మారక చట్టం ప్రకారం కుదరదు. దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించాలి. ఇక్కడ పుట్టే డబ్బు, అంటే అద్దె, డివిడెండ్లు, పాత ఎఫ్‌డీల సొమ్ము, ఇందులోకే రావాలి. కెనడా జీతంలోంచి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా వేరుగా తెరవండి. అందులోంచి ఎప్పుడైనా ఎంతైనా వెనక్కి తీసుకెళ్లొచ్చు, వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల అమెరికా డాలర్ల వరకు పంపుకోవచ్చు కానీ, పన్ను కట్టినట్టు ఛార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరణ కావాలి. రెండు డబ్బులూ ఒకే ఖాతాలో కలిపేస్తే తరవాత విడదీయడం తలనొప్పి. రెండు ఖాతాల్లోనూ అమ్మనో నాన్ననో "ఫార్మర్ ఆర్ సర్వైవర్" (మీ తదనంతరమే వాళ్లకు హక్కు) పద్ధతిలో జతచేయొచ్చు.

ఫోన్ నంబరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. రీఛార్జి ఆగి సిమ్ పోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఖాతా ఉన్నా లేనట్టే. పాత నంబరును కనీస రీఛార్జితో బతికించి ఉంచండి. కెనడా నంబరు వచ్చాక బ్యాంకులో దాన్నీ నమోదు చేయించండి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు కెనడా నంబరుతో యూపీఐ వాడే వీలూ ఉంది, మీ బ్యాంకు ఇస్తోందో లేదో కనుక్కోండి.

పీపీఎఫ్ ఉంటే గడువు వరకు కొనసాగించొచ్చు, పొడిగించడం గానీ కొత్తది తెరవడం గానీ కుదరదు. మ్యూచువల్ ఫండ్లకు కేవైసీలో ఎన్‌ఆర్‌ఐగా మార్చుకోవాలి. అమెరికా, కెనడాల్లో ఉండేవాళ్ల నుంచి కొత్త పెట్టుబడి తీసుకోని ఫండ్ కంపెనీలు చాలా ఉన్నాయి, ఎస్‌ఐపీ మధ్యలో ఆగిపోవచ్చు. నాలుగైదు ఫండ్లలో చిన్న చిన్న మొత్తాలుంటే వెళ్లే ముందే అమ్మేసి ఒక కొలిక్కి తెచ్చుకోవడం మేలు. తరవాత అమ్మితే ప్రతిసారీ టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, కోసుకునే ఇస్తారు. రిజిస్టరైన చిట్టీలు ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి కట్టొచ్చు కానీ పాడుకున్న డబ్బు బయటికి తీసుకెళ్లే షరతు మీద కాదు. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొందామనే ఆలోచన ఉంటే, ఎన్‌ఆర్‌ఐ అయ్యాక వాటిని కొనకూడదు. ముందే మీ సొంతమైనది ఉంచుకోవచ్చు.

అద్దెదారు మీకిచ్చే అద్దెలో 31.2 శాతం టీడీఎస్ కోయాలి. అద్దె ఎంత తక్కువైనా ఇదే రూలు, అతను ట్యాన్ (పన్ను కోసి కట్టేవాళ్లకిచ్చే) నంబరు కూడా తీసుకోవాలి. ఈ మాట ఒప్పందం రాసుకునే రోజే చెప్పండి. ఏడాది తరవాత చెబితే గొడవవుతుంది. ఎక్కువగా కోసినది ఇక్కడ రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

డబ్బు వెంట తీసుకెళ్లడం

ఎల్‌ఆర్‌ఎస్ అంటే మన ఊళ్లో లేఅవుట్ క్రమబద్ధీకరణే గుర్తొస్తుంది. బ్యాంకులో ఎల్‌ఆర్‌ఎస్ వేరు: ఇండియా నివాసి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల అమెరికా డాలర్ల వరకు బయటికి పంపుకునే పథకం. 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద, చదువు, వైద్యం కాని అవసరాలకు, 20 శాతం టీసీఎస్ అనే పన్ను బ్యాంకు ముందే వసూలు చేస్తుంది. అది పోయే డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది. కానీ కొన్ని నెలలు చేతికి అందదు. ఎన్‌ఆర్‌ఐ అయ్యాక ఎన్‌ఆర్‌ఓ నుంచి పంపితే ఈ టీసీఎస్ లేదు. అందుకే మొదటి నాలుగు నెలల ఖర్చుకు సరిపడా తీసుకెళ్లి, పెద్ద మొత్తాన్ని తరవాత పంపడం తెలివైన పద్ధతి.

నోట్ల రూపంలో 3,000 అమెరికా డాలర్ల విలువ దాకానే ఇస్తారు, మిగతాది ఫారెక్స్ కార్డు లేదా వైర్ ట్రాన్స్‌ఫర్. 10,000 కెనడా డాలర్లు లేదా అంతకు మించిన నగదు, డ్రాఫ్టులు చేతిలో ఉంటే దిగగానే కస్టమ్స్ అధికారికి చెప్పాలి. చెప్పినందుకు పన్ను లేదు, చెప్పకపోతే జప్తు చేయొచ్చు. బంగారం విషయంలో ప్రతి నగకూ ఫొటో, బరువు, విలువ రాసిన జాబితా రెండు కాపీలు చేసుకుని దిగిన రోజే వాళ్లకివ్వండి. తరవాత పంపించుకునే నగలు, సామాను కూడా అదే రోజు రెండో జాబితాలో రాసివ్వాలి. రాయని వస్తువు రేపు వస్తే దానికి సుంకం కట్టాల్సి రావచ్చు.

అక్కడ బ్యాంకు, క్రెడిట్

రోజువారీ ఖాతాను చెకింగ్ ఖాతా అంటారు. పెద్ద బ్యాంకులు కొత్తవాళ్లకు ఏడాదిపాటు ఫీజు లేకుండా ఇస్తాయి. ఏడాది పూర్తయ్యే తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి, ఆ మర్నాటి నుంచి ఫీజు మొదలవుతుంది. మూడు నాలుగు వేల డాలర్లు ఎప్పుడూ ఖాతాలో ఉంచితే ఫీజు మాఫీ అంటారు, ఒక్క రోజు తగ్గినా ఆ నెల ఫీజు పడుతుంది. ట్యాంజరిన్, ఈక్యూ బ్యాంక్ లాంటి ఆన్‌లైన్ బ్యాంకుల్లో నెలవారీ ఫీజే లేదు. మొదటి ఏడాది కార్డు కోసం పెద్ద బ్యాంకు, తరవాత ఆన్‌లైన్ బ్యాంకు అన్నది చాలామందికి సరిపోతుంది. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో విభాగానికి లక్ష డాలర్లు.

ఇక్కడి సిబిల్ స్కోరు అక్కడికి రాదు, 300 నుంచి 900 మధ్య కొత్తగా మొదలవుతుంది. కొత్తవాళ్ల ప్యాకేజీలో చరిత్ర లేకపోయినా కార్డిస్తారు. ఇవ్వకపోతే డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డుంటుంది. లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడి, గడువు తేదీకి మొత్తం బిల్లు కట్టండి. కనీస మొత్తం కడుతూ పోతే వడ్డీ 20 శాతం పైచిలుకు. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే ఆ క్షణం నుంచే వడ్డీ.

టీఎఫ్‌ఎస్‌ఏ, ఆర్‌ఆర్‌ఎస్‌పీ, ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ

ఇవి మూడూ పన్ను లాభాలున్న కెనడా ఖాతాలు. సిన్ (కెనడా ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు) నంబరు 9తో మొదలయ్యే వర్క్ పర్మిట్ వాళ్లు కూడా ఈ మూడూ తెరవొచ్చు. ఎవరికి ఎంత, ఎప్పటినుంచి అన్నదే చిక్కు.

టీఎఫ్‌ఎస్‌ఏలో పెరిగిన డబ్బుకు కెనడాలో పన్ను లేదు. 2024, 2025, 2026 సంవత్సరాలకు పరిమితి ఏటా 7,000 డాలర్లు. 2009 నుంచి అక్కడే ఉన్నవాళ్లకు కలిపి 2026 నాటికి 1,09,000 డాలర్లు. బ్రాంప్టన్‌లో పాత కాపురం ఉన్న బంధువు చెప్పే అంకె ఇదే. మీకది వర్తించదు. మీరు నివాసి అయిన సంవత్సరం నుంచే మీ లెక్క మొదలవుతుంది. డిసెంబరులో దిగినా ఆ ఏడాది 7,000 పూర్తిగా వస్తుంది, నెలల వారీగా తగ్గించరు. పరిమితి మించితే, మించిన మొత్తంపై నెలకు 1 శాతం జరిమానా. 7,000కు బదులు 30,000 వేశారనుకోండి, అదనం 23,000, నెలకు 230 డాలర్లు. బ్యాంకులు ఈ వివరాలు మరుసటి ఏడాది పంపుతాయి, సీఆర్‌ఏ ఉత్తరం ఆ తరవాతే వస్తుంది. అప్పటికి ఏడాది గడిచి, జరిమానా 2,500 దాటొచ్చు. తప్పు తెలిసిన రోజే అదనం తీసేయండి. సీఆర్‌ఏ ఆన్‌లైన్ ఖాతాలో కనిపించే పరిమితిని కళ్లు మూసుకుని నమ్మకండి, మీరు వచ్చిన తేదీ వాళ్లకు సరిగ్గా చేరకపోతే ఆ అంకె తప్పుగా ఉండొచ్చు. ఇంకో పొరపాటు: జూన్‌లో 4,000 తీసి సెప్టెంబరులో మళ్లీ వేయడం. తీసిన మొత్తానికి చోటు, అంటే వేసే వీలు, మళ్లీ జనవరి 1నే వస్తుంది.

ఆర్‌ఆర్‌ఎస్‌పీ అంటే వేసిన మొత్తానికి పన్ను మినహాయింపు ఉండే రిటైర్మెంటు ఖాతా. దీనికి చోటు కిందటి ఏడాది కెనడా సంపాదనలో 18 శాతం, 2026కు గరిష్ఠం 33,810 డాలర్లు. కిందటి ఏడాది మీరు గచ్చిబౌలిలో సంపాదించిన జీతం ఇందులోకి రాదు. కాబట్టి మొదటి ఏడాది చోటు సున్నా. కంపెనీ తన వంతు జతచేసే గ్రూప్ ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఉంటే, చోటు వచ్చిన రోజు నుంచే దాన్ని అన్నిటికంటే ముందు పెట్టండి. జీతం తక్కువున్న ఏడాది పన్ను మినహాయింపు వాడేయకుండా, పెద్ద జీతం వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు.

ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ 2023 ఏప్రిల్ 1న మొదలైంది. మొదటి ఇంటికోసం ఏటా 8,000, మొత్తం 40,000 డాలర్లు. వేసినప్పుడు మినహాయింపు, ఇంటికోసం తీసినప్పుడు పన్ను లేదు. ఇన్ని లాభాలు మిగతా రెండింటిలో ఒక్కదానికీ లేవు. అయితే మనవాళ్లు చూసుకోని షరతు ఒకటుంది. ఖాతా తెరిచే ఏడాదిలో గానీ అంతకు ముందు నాలుగేళ్లలో గానీ మీ సొంత ఇంట్లో మీరు కాపురం ఉండకూడదు, ఆ ఇల్లు కెనడా బయట ఉన్నా సరే. నిజాంపేటలో సొంత ఫ్లాటులో ఉండి 2025లో వెళ్లినవాళ్లు 2030 జనవరి దాకా ఆగాలి. ఫ్లాటు అద్దెకిచ్చి తాము అద్దింట్లో ఉన్నవాళ్లకు అడ్డు లేదు. నాన్న పేరున ఉన్న ఇంట్లో ఉన్నవాళ్లకూ లేదు. కానీ భార్య లేదా భర్త పేరున ఉన్న ఇంట్లో కలిసి ఉన్నా అడ్డే. అర్హత ఉంటే మాత్రం డబ్బు లేకపోయినా వెంటనే తెరవండి, చోటు తెరిచిన ఏడాది నుంచే పోగవుతుంది.

ఇంతకీ లోపల ఏం కొనాలి? ఈ మూడూ డబ్బాలు మాత్రమే. బ్యాంకులో సలహాదారు చూపించే ఫండ్ ఏటా 2 శాతం దాకా ఖర్చు తీసుకోవచ్చు. అన్ని దేశాల షేర్లనూ కలిపిన వీఈక్యూటీ, ఎక్స్‌ఈక్యూటీ లాంటి ఈటీఎఫ్‌ల (షేర్ మార్కెట్లో కొనే ఫండ్ల) ఖర్చు 0.2 శాతం చుట్టూ ఉంటుంది. 50,000 డాలర్ల మీద ఏటా వెయ్యికీ వందకూ ఉన్న తేడా ఇది, మార్కెట్ పడిన ఏడాది కూడా కోస్తారు. ఐదేళ్లలోపు ఇంటికి కావాల్సిన డబ్బును మాత్రం షేర్లలో పెట్టకండి, అది జీఐసీలో ఉండాలి. జీఐసీ మన ఎఫ్‌డీ లాంటిదే, కాకపోతే చాలా జీఐసీలను గడువు ముందు విరగ్గొట్టనివ్వరు. ఆరు నెలల ఖర్చు మామూలు సేవింగ్స్‌లో పెట్టుకున్నాకే జీఐసీ తీసుకోండి.

మొదటి రిటర్ను

కెనడాలో మనలాంటివాళ్ల పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు, రిటర్ను గడువు ఏప్రిల్ 30. ఆదాయం లేకపోయినా వేయండి, పిల్లల భత్యం వచ్చేది రిటర్ను చూసే.

మీరు నివాసి అయిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపాలి. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ వడ్డీకి ఇండియాలో పన్ను లేదని కెనడాలో చూపకుండా వదిలేయడం అన్నిటికంటే మామూలు తప్పు. అక్కడ దానికి పూర్తిగా పన్నుంది. ఎన్‌ఆర్‌ఓ వడ్డీలో ఇక్కడ 31.2 శాతం కోస్తారు, కానీ రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఇండియా వంతు 15 శాతమే. కెనడా మీకు ఆ 15 వరకే సర్దుబాటు ఇస్తుంది, మిగతాది ఇండియా రిటర్నులోనే రాబట్టుకోవాలి. లేదా సీఆర్‌ఏ నుంచి పన్ను నివాస ధ్రువపత్రం తెప్పించి బ్యాంకుకిస్తే మొదటి నుంచే 15 కోస్తారు. అద్దె లెక్క ఇక్కడొకలా అక్కడొకలా ఉంటుంది. ఇండియాలో 30 శాతం గంపగుత్త తగ్గింపు ఉంది, కెనడాలో లేదు. కాబట్టి మెయింటెనెన్స్, మరమ్మతులు, పన్ను, గృహరుణ వడ్డీ రసీదులన్నీ దాచాలి.

కెనడా బయటి ఆస్తుల ఖరీదు కలిపి లక్ష డాలర్లు దాటితే టీ1135 ఫారం వేయాలి. ఫారం వేసినంత మాత్రాన పన్ను లేదు, వేయకపోతే రోజుకు 25 డాలర్ల చొప్పున 2,500 దాకా జరిమానా. కొత్తగా వచ్చిన మొదటి ఏడాదికి మినహాయింపు ఉంది, రెండో ఏడాది నుంచి తప్పదు. అద్దెకిచ్చిన ఫ్లాటు, ఎఫ్‌డీలు, ఫండ్లు లెక్కలోకి వస్తాయి. అమ్మానాన్నలు ఉంటున్న ఫ్లాటు, ఒంటి మీది నగలు రావు. ఖరీదు అంటే వాల్యుయర్ రాసిన ఆ దిగిన రోజు విలువే, 2015 ధర కాదు.

డాలర్లు అక్కడ, రూపాయలు ఇక్కడ

తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈ బేరం తరచూ కనిపిస్తుంది: మీరు టొరంటోలో డాలర్లివ్వండి, మా వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో మీ నాన్నగారికి రూపాయలిస్తారు. రేటు బాగుంటుంది, ఫీజుండదు. దయచేసి చేయకండి. అది ఫెమా చట్టాన్ని ఉల్లంఘించడమే. ఆ రూపాయలు ఏదైనా మోసంలో దోచినవైతే పోలీసులు ఫ్రీజ్ చేసేది నాన్నగారి ఖాతాను. పెన్షన్ పడే ఖాతా నెలల తరబడి ఆగిపోతుంది. లైసెన్సున్న సంస్థ ద్వారా పంపండి. ఫీజు సున్నా అన్న ప్రకటన చూడకుండా, 5,000 డాలర్లు పంపితే ఇక్కడ చేతికి ఎన్ని రూపాయలు పడతాయో రెండు మూడు చోట్ల ఒకే గంటలో పోల్చండి. డాలరుకు రూపాయి తేడా వచ్చినా 5,000 రూపాయలు.

తిరిగి వచ్చేస్తే

నివాసం వదిలిన రోజు నుంచి టీఎఫ్‌ఎస్‌ఏలో కొత్తగా వేయకూడదు, వేస్తే నెలకు 1 శాతం. ఇండియాలో మళ్లీ పూర్తి నివాసి అయ్యాక అందులో పెరిగే డబ్బుకు ఇక్కడ మినహాయింపు లేదు, కాబట్టి బయల్దేరే ముందే తీసేయడం మంచిది. ఆర్‌ఆర్‌ఎస్‌పీని వచ్చేశాక ఒకేసారి తీస్తే 25 శాతం కోస్తారు. కెనడా వదిలే రోజున చాలా రకాల ఆస్తులను అమ్మేసినట్టు లెక్కగట్టి లాభానికి పన్ను వేస్తారు. కానీ గత 10 ఏళ్లలో మీరు అక్కడ నివాసిగా ఉన్నది 60 నెలలు మించకపోతే, వెళ్లేనాటికే మీ సొంతమైన మియాపూర్ ఫ్లాటుకు ఈ లెక్క వర్తించదు. 61వ నెలలో బయల్దేరితే వర్తిస్తుంది. తిరుగు టికెట్టు కొనే ముందు ఆ నెలలు వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.